గ్లైడర్‌కు మోటారు

ఫార్మింగ్టన్ హిల్స్‌కు దాదాపు అరగంట దూరాన, డియర్‌బోర్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో రైట్ సోదరుల సైకిల్ దుకాణం ఉంది. డేటన్ నగరం నుంచి దానిని 1937లో హెన్రీ ఫోర్డ్ ఇక్కడికి తరలించాడు. గ్లైడర్‌కు ఇంజను అమర్చే సమస్యతో ఆ సోదరులు కుస్తీ పట్టింది అందులోనే. రేడియోతో నడిపే నమూనా గ్లైడర్‌కు చిన్న విద్యుత్ మోటారు బిగించాలనుకునేవారికి నేడు ఎదురయ్యేదీ అదే సమస్య.

మొదటి చిక్కు బరువు. 1902 నాటి గ్లైడర్ రెక్కల వైశాల్యం 305 చదరపు అడుగులు. ఇంజనుతో ఎగిరిన 1903 నాటి విమానానికి అది 510 అయింది. మన నమూనాకు రెక్కలు పెంచే వీలు లేదు. కిలో బరువున్న గ్లైడర్‌కు మోటారు, బ్యాటరీ, వేగ నియంత్రకం కలిసి 250 గ్రాములు చేరాయనుకుందాం. గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం బరువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అది సుమారు 12 శాతం హెచ్చుతుంది. బరువూ వేగమూ రెండూ పెరిగినందువల్ల, నేలను తాకేటప్పటి గతిజశక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దెబ్బ తీవ్రతను నిర్ణయించేది అదే.

శక్తి మాత్రం పెద్దగా అక్కరలేదు. ఈ నమూనా సెకనుకు 4 మీటర్లు పైకెక్కడానికి 50 వాట్లు కావాలి. సగం వృథా అయినా 100 వాట్లకు కాస్త పైన ఉంటే చాలు.

రెండవది తూకం. రైట్ సోదరుల ఇంజను పైలట్ కంటే బరువైనది. అందుకే అది ఉన్న కుడివైపు రెక్కను నాలుగంగుళాలు పొడిగించారు. నమూనాలో మోటారు ముక్కున చేరుతుంది. అక్కడ తూకానికి ఉంచిన సీసాన్ని ముందుగా తీసివేసి, బ్యాటరీని ముందుకో వెనుకకో జరిపి, గురుత్వ కేంద్రాన్ని యథాస్థానానికి తేవాలి. తోక బరువెక్కితే నమూనా చేతికి లొంగదు.

మూడవది ప్రొపెల్లర్ తిప్పుడు. దాని ప్రతిచర్యను రద్దుచేయడానికి రైట్ సోదరులు రెండు ప్రొపెల్లర్లను ఎదురెదురు దిశలలో తిప్పారు. ఒకే మోటారున్న మనం దాని ఇరుసును కొద్ది డిగ్రీలు కిందికీ, పక్కకూ వంచుతాము. మోటారు ఆపగానే మడతపడే ప్రొపెల్లర్‌నే వాడాలి. లేకుంటే గాలి నిరోధం పెరిగి గ్లైడర్ గుణమే పోతుంది.

వైద్యునిగా ఒక మాట. ఆ చిన్న ప్రొపెల్లర్ వేలి స్నాయుబంధనాన్ని తెంచగలదు. బల్లమీద పరీక్షించేటప్పుడు దానిని ఊడదీయండి. రేడియో సంకేతం తెగితే మోటారు తనంతట ఆగేలా అమర్చండి. ఎగరవేసేటప్పుడు ముందు చేతిలోని ట్రాన్స్‌మిటర్‌ను, తరువాతే బ్యాటరీని కలపండి. దించాక ముందు బ్యాటరీని విడదీయండి.

ఇంజనుకు ముందు రైట్ సోదరులు 1902లో వందలసార్లు గ్లైడర్‌పై జారి, దానిని అదుపు చేయడం నేర్చుకున్నారు. కొత్త బరువుతో మీ నమూనాను కూడా మొదట మోటారు వేయకుండా, గడ్డిమైదానంలో, చేతితో విసిరి చూడండి. తిన్నగా జారినప్పుడే మోటారు వేయండి.