గాలం కర్రకు ఎంత పెట్టాలి? కొనే ముందు ఈ లెక్క చూసుకోండి

నందిగాం: పోయిన రంజాన్ పండక్కి మా తమ్ముడికి ఈదీ కింద ఫిషింగ్ రాడ్ కొనిచ్చాను. ఆన్‌లైన్‌లో రీల్‌తో కలిపి 1,100 రూపాయలు. ఒకదాంట్లోంచి ఒకటి బయటికి లాగే మడత రాడ్ అది. మొదటి రెండుసార్లు బాగానే ఉంది. మూడోసారి భావనపాడు ఒడ్డున సీసం గుండు కట్టి గట్టిగా విసిరేసరికి పైముక్క విరిగి గుండుతో పాటు సముద్రంలోకి పోయింది. వాపసు గడువు అప్పటికే అయిపోయింది. వాడు ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. వారం తర్వాత మాత్రం ఫోన్ చూపించి, "భాయ్, ఈసారి మంచిది కొందాం, 8,000. ఈఎంఐ కూడా ఉంది" అన్నాడు.

అబ్బా ఆ మాట విని, "చెరువు గట్టున వెదురు కర్రతో మేం పట్టలేదా? సరదాకి అప్పేంటి?" అన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. టెక్కలి, పలాస వైపు చాలా ఇళ్లలో కుర్రాళ్లకు ఇప్పుడు ఈ సరదా పట్టింది కాబట్టి, నేను తెలుసుకున్నది అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఎక్కడ పడతారో తేల్చుకోండి

చాలామంది రాడ్ ధర చూసి మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది నీటి నుంచి.

ఊరి చెరువులో జెల్ల, శీలావతి, చిన్న కొరమీను లాంటి వాటికి గట్టు దగ్గరే కూర్చుంటే వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, గాలం చాలు. వంద, నూట యాభైలో అయిపోతుంది. కాస్త దూరం విసరాలనుకుంటే 6 నుంచి 7 అడుగుల రాడ్, 2500 లేదా 3000 సైజు రీల్ సరిపోతాయి.

ఉప్పుటేరు, నది మొగ దగ్గర పండుగప్ప లాంటి బలమైన చేప తగలొచ్చు. అక్కడికి 7 నుంచి 8 అడుగుల మీడియం రాడ్, 4000 సైజు రీల్ కావాలి.

సముద్రం ఒడ్డున అలలు దాటించి గుండు విసరాలి. దానికి 10 నుంచి 13 అడుగుల పొడవాటి రాడ్ వేరే ఉంటుంది. చెరువు రాడ్‌తో సముద్రంలో బరువు గుండు విసిరితే ఏమవుతుందో మా తమ్ముడి కథే సాక్ష్యం.

రాడ్ మీద రాసింది చదవండి

పిడి పైన చిన్న అక్షరాలతో కొన్ని అంకెలు ఉంటాయి. '10-30 గ్రా' అని ఉంటే ఆ బరువు మధ్య గుండు, ఎర కలిపి విసరొచ్చని అర్థం. మా తమ్ముడు అలాంటి రాడ్‌కి దాదాపు 100 గ్రాముల గుండు కట్టాడు. విరిగిందంటే తప్పు సగం రాడ్‌ది, సగం మాది. పౌండ్లలో రాసింది ఎంత బలమైన దారం వాడాలో చెబుతుంది.

ఇక సరుకు. ఫైబర్ గ్లాస్ రాడ్ కొంచెం బరువు, బాగా వంగుతుంది, రాయికి తగిలినా, బండి మీద తీసుకెళ్లినా తట్టుకుంటుంది. కార్బన్ రాడ్ తేలిక, చేప ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది. కానీ చిన్న గాటు పడినా తర్వాత ఎప్పుడో ఒకరోజు ఫట్‌మని విరుగుతుంది. '30 టన్నుల కార్బన్' అని పెద్దగా రాస్తే అది బలమనుకోకండి. ఆ అంకె బిగుతుది. అంకె పెరిగేకొద్దీ రాడ్ తేలిక, బిగువు పెరుగుతాయి, జాగ్రత్త కూడా అంతే పెరగాలి. మొదటిసారి కొనేవాళ్లకి గ్లాస్ గానీ, రెండూ కలిపిన కాంపోజిట్ గానీ మేలు.

మడత రాడ్ బస్సులో తీసుకెళ్లడానికి వీలు. అయితే అతుకులు ఎక్కువ, ఇసుక దూరితే పాడవుతుంది. రెండు ముక్కల రాడ్ అంతకంటే నమ్మకం.

షాపులో చేసే పరీక్షలు

రాడ్‌ని కన్నుకి ఆనించి చూడండి, రింగులన్నీ ఒకే వరసలో ఉండాలి. కొంచెం దూది తీసుకుని ప్రతి రింగు లోపల తిప్పండి. దూది పోగు పట్టుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే, రేపు మీ దారం అక్కడే తెగుతుంది. ముక్కలు కలిపి మెల్లగా ఊపితే అతుకు దగ్గర కదలకూడదు. రీల్ బిగించే మర గట్టిగా పట్టాలి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పిన రోజే ఇవన్నీ చూసుకోండి, వాపసు గడువు దాటాక ఎవరూ వినరు.

అసలు లెక్క

నేను చదివింది బీకాం కాబట్టి ఒక్క లెక్క చెబుతా. ధర చూడకండి, ఒక్కసారి వెళ్లడానికి ఎంత పడిందో చూడండి. మా 1,100 మూడుసార్లకే పోయింది, అంటే సారికి దాదాపు 367 రూపాయలు. అదే 3,500 పెట్టి కొన్న సెట్ మూడేళ్లు ఉండి, ఏడాదికి 20 సార్లు వెళ్తే 60 సార్లు. సారికి 58 రూపాయలే. కానీ ఏడాదికి ఐదుసార్లే వెళ్లేవాళ్లకి అదే సెట్ సారికి 233 పడుతుంది. వాళ్లకి 1,500 గ్లాస్ రాడ్ సెట్ అయితే మూడేళ్లలో సారికి వంద. అంటే ఖరీదైనదీ చవకదీ తేల్చేది మీ తీరిక.

ఉన్న డబ్బంతా రాడ్ మీదే పెట్టకండి. 3,000 ఉంటే 1,200 రాడ్‌కి, 1,200 రీల్‌కి, మిగతా 600 మంచి దారం, గాలాలు, గుండ్లకి. షిమానో, డైవా లాంటి పేరున్న కంపెనీల్లోనూ మొదటి మెట్టు సరుకు ఉంటుంది, పైమెట్టుకి వెళ్లాల్సిన పని లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఫిషింగ్ రాడ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో అది చూసుకోండి. ఈఎంఐ మాత్రం వద్దు. సరదా వస్తువుకి నెలనెలా కట్టుకుంటూ పోతే సరదా ముందే పోతుంది.

ప్రాణం కంటే చేప ఎక్కువ కాదు

ఇది అన్నిటికంటే ముఖ్యం. కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఒకరోజు పొలం గట్టు మీద 12 అడుగుల రాడ్ నిలబెట్టి నడుస్తుంటే ఒక రైతు దూరం నుంచి అరిచాడు, "బాబూ, పైన తీగలు!" మోటారు తీగ మా రాడ్ కొసకి జానెడు దూరంలో ఉంది. అప్పటి నుంచి నీళ్ల దగ్గరికి చేరాకే రాడ్ బిగిస్తున్నాం. తడి ఉంటే గ్లాస్ రాడ్‌తో కూడా ప్రమాదమే. ఉరుము వినపడగానే రాడ్ కింద పెట్టి పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి. నాచు పట్టిన రాళ్ల మీద, పిల్లలతో అలల అంచున నిలబడొద్దు. ఒంటరిగా వెళ్లొద్దు.

ఊరి చెరువులు చాలావరకు మత్స్యకార సంఘాల లీజులో ఉంటాయి, అడిగి కూర్చోండి. ఒడ్డుకు వల లాగుతున్న చోట గాలం వేయొద్దు. మనకి సరదా, వాళ్లకి కూడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకి నిషేధం, ఆ రోజుల్లో పడవ ఎక్కించమని ఎవర్నీ బతిమాలకండి. తెగిన దారం ఇంటికి తెచ్చి పారేయండి. తేలినీలాపురానికి వచ్చే పెలికాన్ల కాళ్లకి అది ఉరి అవుతుంది. తినేంతే పట్టండి, పిల్ల చేపను వదిలేయండి.

సముద్రం నుంచి రాగానే రాడ్, రీల్ మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. ఉప్పు నీరు ఎంత ఖరీదైన రీల్‌నైనా తినేస్తుంది.

చివరికి మా ఇంట్లో 2,800కి పని అయిపోయింది. రెండు ముక్కల 8 అడుగుల గ్లాస్ రాడ్, 4000 రీల్. సగం నేను, సగం తమ్ముడు ట్యూషన్ చెప్పి దాచుకున్నది. అబ్బా ఏమీ అనలేదు. పోయిన ఆదివారం మాత్రం అసర్ నమాజ్ అయ్యాక వాడి వెనకే బండెక్కారు, చేతిలో పాత వెదురు కర్రతో.