కప్పుకు రంగు వేద్దామా? వేసవికి ముందు కొన్ని విశేషాలు

శివరాత్రి దాటిందంటే తిరుపతిలో ఎండ ముదురుతుంది. హార్డ్‌వేర్ కొట్ల ముందు కూల్ రూఫ్ డబ్బాలు, సున్నం మూటలు వరసగా చేరతాయి. మిద్దెకు వేస్తే నిజంగా చల్లబడుతుందా? రేకులకు వేయొచ్చా? తాతల నాటి పెంకులకు కూడా ఓ పూత కొట్టించేద్దామా? ఇంటింటా ఇదే చర్చ. అన్ని కప్పులకూ ఒకే జవాబు చెల్లదు. కప్పు దేనితో కట్టారో ముందు అది చూడాలి.

తెలుపు పనిచేస్తుందా అని అనుమానం ఉన్నవాళ్లకు రుజువు తిరుమలలోనే ఉంది. చెప్పులు లేకుండా నడిచే భక్తుల కోసం టీటీడీ వేసవిలో ఆలయం చుట్టూ మాడ వీధుల్లో తెల్లటి చలువ పెయింటు వేయిస్తుంది. మిట్టమధ్యాహ్నం అక్కడ కాసేపు నిలబడి జనం పాదాలు చూడండి. రంగు లేని చోట అడుగు పడిన పిల్లలు గబగబా గెంతుతూ తెల్లపట్టీ మీదికి వస్తారు. అక్కడికి రాగానే నడక మామూలవుతుంది. పైన ఎండ ఒకటే, కింద నేలా ఒకటే. మారింది పైపూత మాత్రమే.

మీకు తెలుసా? సూర్యుడి నుంచి నేలకు చేరే శక్తిలో దాదాపు సగం మన కంటికి కనబడదు. అది పరారుణ కిరణాల రూపంలో వస్తుంది. అందుకే కప్పు రంగు కంటికి ఎలా కనబడుతోందన్నది సగం సంగతే. వచ్చిన ఎండలో ఎంత తిప్పికొడుతుంది, లోపలికి చేరిన వేడిని ఎంత వేగంగా ఆకాశంలోకి వదిలేస్తుంది, ఈ రెండూ చూడాలి. పాతబడిన సిమెంటు మిద్దె తన మీద పడ్డ ఎండలో మూడింట రెండు వంతులకు పైగానే మింగేస్తుంది. మంచి తెల్లపూత కొత్తలో నూటికి ఎనభై పాళ్లు వెనక్కి పంపేస్తుంది.

మింగిన వేడి ఎక్కడికి పోతుంది? కాంక్రీటు స్లాబు దాన్ని నెమ్మదిగా కిందికి దించుతుంది. మధ్యాహ్నం పైన కాలిన మిద్దె రాత్రి పది గంటలకు గదిలో మన నెత్తిన సెగలు కక్కేది అందుకే. బయట గాలి చల్లబడినా లోపల ఉక్కపోత తగ్గదు, ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే తిరుగుతుంది. తెల్లపూత వల్ల అసలు మేలు తెలిసేది పగటి కన్నా రాత్రి నిద్రలోనే అని నా నమ్మకం.

కరెంటు లెక్క కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఐఐఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకులు కలిసి హైదరాబాద్ వాణిజ్య భవనాల మీద కొలతలు తీసి 2012లో ఫలితాలు ప్రచురించారు. నల్లటి కప్పును తెల్లగా మారిస్తే ఏసీల కరెంటు వాడకం 14 నుంచి 26 శాతం, మామూలు సిమెంటు కప్పును మారిస్తే 10 నుంచి 19 శాతం తగ్గుతుందని తేల్చారు. ఇది కప్పు కిందే ఉన్న అంతస్తుల మాట. మూడంతస్తుల ఇంట్లో కింది వాటాకు ఈ మేలు పెద్దగా తెలియదు.

తిరుపతి చుట్టుపక్కల అన్నిటికన్నా పేరున్న కప్పు పూత ఏది? ఆనంద నిలయం బంగారు తాపడమే. 1518లో శ్రీకృష్ణదేవరాయలు 30 వేల వరహాలు వెచ్చించి విమానానికి ఆ తాపడం చేయించారు. అది భక్తితో చేసిన పని, చలువ కోసం కాదు. అయితే లోహాల గుణం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. తళతళలాడే లోహం ఎండను బాగానే తిప్పికొడుతుంది కానీ, తనలో చేరిన కాస్త వేడిని త్వరగా బయటికి వదలదు. కొత్త జింకు రేకు అద్దంలా మెరుస్తున్నా చేయి పెడితే చురుక్కుమనేది ఈ గుణం వల్లే. దాని మీద తెల్లపూత పడితే ఎండను మరింత తిప్పికొడుతుంది, వేడిని వదిలే శక్తీ వస్తుంది. కాబట్టి జింకు రేకుల ఇల్లు ఉన్నవాళ్లు రెండో ఆలోచన లేకుండా రంగు వేయించుకోవచ్చు. కొత్త రేకు మీద రంగు నేరుగా నిలవదు గనుక ముందు ఇనుప సామాన్లకు వేసే ప్రైమరు కాకుండా, జింకుకు సరిపడేది అడిగి తెచ్చుకోవాలి.

సిమెంటు రేకుల సంగతి వేరు, ఇక్కడ జాగ్రత్త కావాలి. పాత సిమెంటు రేకుల్లో రాతినార (ఆస్‌బెస్టాస్) కలిసి ఉంటుంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు దీన్ని తవ్వేవారు కూడా. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నార లోపలే ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు ఇనుప బ్రష్షుతో గీకినా, కోసినా, కంతలు పెట్టినా కంటికి కనబడని ధూళి లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆ నార క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. రంగు వేయడం మంచిదే, పూత ఆ నారను కప్పి ఉంచుతుంది. గీకుడు మాత్రం వద్దు. నీళ్లు చల్లి, మెత్తటి చీపురుతో తుడిచి, ఆరాక వేయాలి. రేకు మీద నేరుగా కాలు మోపకూడదు. పాతబడిన రేకు పటుక్కున విరుగుతుంది. కింద దూలం ఉన్న చోట అడ్డంగా పలక వేసుకుని దాని మీదే నడవాలి. బీటలిచ్చి పొడి రాలుతున్న రేకుకు రంగుతో ప్రయోజనం లేదు, మార్చేయడమే.

ఇక పెంకులు. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు ఇప్పటికీ కనబడే బెంగుళూరు పెంకులకు పుట్టిల్లు మంగళూరు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థకు చెందిన గియోర్గ్ ప్లెబ్‌స్ట్ 1865లో అక్కడ నేత్రావతి నది ఒండ్రుమట్టితో పెంకుల కర్మాగారం పెట్టారు. అక్కడి నుంచే అవి దక్షిణ దేశమంతా పాకాయి. వాటి అమరికలో గొప్ప తెలివి ఉంది. ఒకదాని గాడిలో ఒకటి కూర్చుంటాయి, మధ్యలో సున్నమూ సిమెంటూ ఉండదు. ఆ సందుల్లోంచి ఇంట్లో వేడిగాలి పైకి పోతుంది. మట్టి పెంకు కాస్త నీళ్లు పీల్చి, ఎండకు మళ్లీ వదిలి తనను తాను చల్లబరుచుకుంటుంది. పైగా ఆ ఎర్రదనానికి కారణమైన ఇనుప ఆక్సైడు కంటికి కనబడని పరారుణ కిరణాలను బాగా తిప్పికొడుతుంది. బూడిదరంగు సిమెంటు కన్నా ఎర్ర పెంకు ఈ విషయంలో మెరుగు.

అలాంటి పెంకు మీద ప్లాస్టిక్ పెయింటు పూస్తే దాని శ్వాస ఆపినట్టే. కింది నుంచి పీల్చిన తేమ పైకి పోలేక ఉప్పు పేరుకుంటుంది, పూత పొక్కులు లేచి రాలిపోతుంది. ఒకసారి మొదలుపెడితే ఏళ్ల తరబడి గీకుతూ వేస్తూ ఉండాల్సిందే. నాచు పట్టి నల్లబడిందని రంగు వేయిస్తున్నవారు చాలామంది ఉన్నారు. పెంకులు దించి, కొబ్బరి పీచుతో కడిగి, పగిలినవి మార్చి మళ్లీ కప్పితే చాలు, పాత ఎరుపు తిరిగి వస్తుంది. నా మాటగా చెబుతున్నా: గట్టిగా ఉన్న మట్టి పెంకుకు రంగు వద్దు.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలకూ ఇదే ప్రశ్న వస్తుంది. డల్లాస్, హ్యూస్టన్ వైపు ఇళ్ల కప్పులు చాలావరకు తారు షింగిల్సే. తారు పట్టీ మీద రాతి రవ్వ అద్ది చేస్తారు. ఎండ నుంచి తారును కాపాడేది ఆ రవ్వే. రంగు వేయడానికి ముందు గట్టి నీటి ధారతో కడిగితే రవ్వ రాలిపోతుంది. రంగు ఆరి బిగుసుకుంటే షింగిల్ అంచులు పైకి లేస్తాయి, లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అక్కడి తయారీదారుల సంఘం కూడా వేసేసిన షింగిల్స్ మీద పూతలు వద్దనే అంటుంది. చాలా కాలనీల్లో కప్పు రంగు మార్చాలంటే ఇంటి యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) అనుమతి కూడా కావాలి. కప్పు ఎలాగూ మార్చే రోజు వచ్చినప్పుడు, ఎండను తిప్పికొట్టే రవ్వతో చేసిన కూల్ షింగిల్స్ ఎంచుకోవడం మంచి దారి.

ప్రపంచంలో అన్నిటికన్నా తెల్లని రంగు కథలో మన నేల ఉంది! అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో షియులిన్ రువాన్ బృందం 2020లో కాల్షియం కార్బనేటుతో ఒక రంగు చేసింది. అది 95.5 శాతం ఎండను తిప్పికొట్టింది. 2021లో బేరియం సల్ఫేటుతో ఇంకొకటి చేస్తే 98.1 శాతం వచ్చింది, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. నిండు ఎండలో కూడా అది చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా ఉంటుంది. బేరియం సల్ఫేటు అంటే మరేదో కాదు, మన ముగ్గురాయి. తిరుపతి నుంచి కడప దారిలో రైల్వే కోడూరు దాటాక మంగంపేట గనుల్లో తవ్వేది అదే. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిల్వల్లో మంగంపేటది ఒకటి. అక్కడి రాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికే పోతోంది. ఇంత దగ్గర ఇంత ముడిసరుకు పెట్టుకుని, చలువ రంగుల పరిశ్రమ మన దగ్గర ఎందుకు ఎదగకూడదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మొదటి రంగులోని కాల్షియం కార్బనేటు మరీ పాత స్నేహితుడు. తడిపిన సున్నం గోడకు పూశాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మారేది ఆ పదార్థంగానే. దాని వయసుకు సాక్ష్యం దగ్గర్లోనే ఉంది: చంద్రగిరిలో రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నపు గారతో నిలబెట్టారు. ప్రయోగశాలలో రేణువుల కొలతలు చూసి చేసిన రంగుకు ఉన్నంత శక్తి ఇంటి సున్నానికి లేదు. కానీ ఖర్చు చూస్తే డబ్బా రంగులో చిన్న వంతు.

పక్క రాష్ట్రంలో చలువ కప్పు ప్రభుత్వ విధానంగానూ మారింది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకూ చలువ కప్పును తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లవాళ్ల ఇష్టానికి వదిలేసింది. ఎండ ఎక్కువగా తగిలేది ఆ చిన్న ఇళ్లకే.

అందుకే, తక్కువ ఖర్చుతో సున్నం వేసే పద్ధతి చెబుతాను. ముందు మిద్దెను కడిగి, బీటలు పూడ్చాలి. వాననీళ్లు నిలవకుండా వాటం సరిచూడాలి. తెల్లరంగు ఎండను ఆపుతుంది గానీ, ఉరుస్తున్న మిద్దెను బాగుచేయదు. సున్నాన్ని ముందు రాత్రే నానబెట్టి, వడగట్టి, బంక గానీ జిగురు గానీ కలపాలి. మొదటి పూత ఇంటి పొడవునా, అది ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. చల్లని వేళ వేసి, పైన కాస్త నీళ్లు చిలకరిస్తే గట్టిగా పడుతుంది. కళ్లకు అద్దాలు తప్పనిసరి. సున్నం చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పూత మీద దుమ్ము చేరేకొద్దీ చలువ తగ్గుతుంది, నెలకోసారి కడుక్కోవాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేసిన సున్నం వేసవంతా కాస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలకు కొట్టుకుపోతుంది. ఏటా వేయాల్సిందే.

అనుమానం ఉంటే ఈ ఏడాది సగం మిద్దెకే వేసి, మధ్యాహ్నం ఒట్టి కాళ్లతో రెండు వైపులా నడిచి చూడండి.

ఒక విన్నపం. సొంత ఇంటివాళ్లు సాధారణంగా కింది వాటాలో ఉంటారు, పై వాటా గదులు, మిద్దె మీది రేకుల గది బాడుగకు ఇస్తారు. కప్పు వేడి మోసేది బాడుగకున్నవాళ్లు, కప్పు మీద హక్కున్నది మీరు. ఉగాదికి ముందే ఆ సున్నం ఖర్చు మీరే పెట్టుకుని వేయించండి.