మరమనుషులు వచ్చిరా? వచ్చినవా?

సంగారెడ్డి జిల్లాలోని బొంతపల్లి వీరభద్రస్వామి ఆలయమునకు ప్రసిద్ధి కెక్కిన గ్రామము. నేడు ఈ యూరి పరిసరములలో ఔషధములు తయారుచేయు కర్మాగారములు వెలసియున్నవి. మనిషి చేయవలసిన పనిని యంత్రము చేయుట ఇచ్చటి బాలబాలికలకు వింత కాదు. కర్మాగారపు యంత్రమునకు ముఖముతో పని లేదు. మరి కథలలోని యంత్రములు మనుష్యరూపము నేల ధరించుచున్నవి?

'మర' యనగా యంత్రము. 'మర', 'మనిషి' అను రెండు పదములు కలిసి 'మరమనిషి' యైనది. పనివారు 'వచ్చిరి' అందుము. బండ్లు 'వచ్చినవి' అందుము. మరమనుషులు వచ్చిరనవలెనా? వచ్చినవనవలెనా? వైజ్ఞానిక కథలు వ్రాసినవారిని చిరకాలముగా వేధించిన ప్రశ్న యిదియే.

'రోబో' అను మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకము ద్వారా లోకమున వ్యాపించినది. ఆ మాటను సూచించినవాడు ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో 'రొబోత' యనగా వెట్టిచాకిరి. వెట్టి యనగా నెట్టిదో తెలంగాణ ప్రజ లెరుగుదురు. చాపెక్ సృష్టించిన రోబోలు ఇనుపబొమ్మలు కావు. రసాయనిక పదార్థముతో రూపొంది, అచ్చముగా మనుష్యులవలె నుండు పనివారు. యజమానులు వారిచేత పని చేయించుకొందురే గాని, వారికి మనసున్నదని తలంపరు. తుదకు రోబోలు తిరుగబడి మానవజాతిని నాశనము చేయుదురు.

అమెరికా రచయిత ఐజాక్ అసిమోవ్ 1940లో ప్రకటించిన కథలోని రాబీ ఇందుకు భిన్నమైనది. దాని దేహము లోహము; దానికి మాట రాదు. గ్లోరియా అను చిన్నబాలికను ఆడించుట దాని పని. తల్లికి అది యొక యంత్రము. బాలికకు మాత్రము ప్రాణస్నేహితుడు. తల్లి పట్టుబట్టుటచే రాబీని ఇంటినుండి పంపివేయుదురు. పిమ్మట నొక కర్మాగారములో రాబీని చూచి, గ్లోరియా ఆనందముతో పరుగెత్తి, కదలివచ్చు ట్రాక్టరునకు అడ్డుపడును. పెద్దలు నిశ్చేష్టులై యుండగా, రాబీ మెరుపువలె వచ్చి ఆమెను కాపాడును. రోబో మానవునికి హాని చేయరాదు, హాని కలుగుచుండగా ఊరకుండరాదు అను నియమమును అసిమోవ్ 1942లో స్పష్టముగా నిరూపించెను.

2010లో వచ్చిన 'రోబో' చలనచిత్రములోని చిట్టి, తన్ను నిర్మించిన శాస్త్రజ్ఞుని పోలికతోనే యుండును. దానికి మానవభావములు కూడ అబ్బిన పిమ్మటనే అసలు చిక్కులు మొదలగును.

లోకవ్యవహారము వేరు త్రోవ పట్టినది. 1961లో అమెరికాలోని యొక మోటారుకార్ల కర్మాగారములో 'యూనిమేట్' అను రోబో పనిలో ప్రవేశించెను. అది కేవల మొక పెద్ద చేయి. కాలుచున్న లోహపు ముక్కలను ఎత్తిపెట్టుటకు చేయి చాలును, ముఖమక్కరలేదు.

కావున కథలలో మరకు మనుష్యరూపము నిచ్చుట పనికొరకు కాదు, మన ప్రవర్తనను మనకు చూపుటకు. చాపెక్ నాటకములోని యజమానులు మనసున్నవారిని మరలుగా భావించి చెడిరి. సాయంకాలము షిఫ్టు ముగిసి బొంతపల్లి బాట పట్టిన కార్మికులలో ప్రతివానికి నొక పేరున్నది, దేహమున అలసటయున్నది, ఇంట ఎదురుచూచువారున్నారు. మరమనుషులు 'వచ్చిరి' అన్నచో వ్యాకరణమే తప్పవచ్చును. మనుష్యులను మరలవలె లెక్కించినచో ధర్మమే తప్పును.