ఏటి మాటలు

గోదావరీనది త్ర్యంబకేశ్వరమువద్ద జన్మించి, నాసికము, పైఠణము, నాందేడు పట్టణముల ప్రక్కగా ప్రవహించి, ధర్మాబాదు తాలూకాలోని మన బాబ్లీని దాటిన పిమ్మట కందకుర్తివద్ద మంజీరను కలుపుకొని తెలంగాణమున ప్రవేశించుచున్నది. 1956 వరకు ఈ ప్రాంతమంతయు హైదరాబాదు రాష్ట్రమున నుండెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన బొంబాయి రాష్ట్రమునను, 1960 మే 1వ తేదీన ఏర్పడిన మహారాష్ట్రమునను చేరినది. సరిహద్దు మారినంత మాత్రమున ఇంటిలోని మాట మారదు గదా! అందుచేతనే మన నదికి మరాఠీ మాటలును తెలుగు మాటలును గూడ గలవు.

అయితే నేడు నదిని వంతెనలపై బస్సులలో దాటుచున్నాము. పడవతో పనిలేనపుడు పడవ మాటలతోను పని తీరిపోవును. పుస్తకములలో ‘లంగరు’, ‘చుక్కాని’ అను పదములు చదివి అర్థము చెప్పగల విద్యార్థి, తన యూరి యేటికి చెందిన ‘గెడ’, ‘కేవు’, ‘ఊబి’ అను మాటలకు తెల్లమొగము వేయుచున్నాడు. ఆ మాటలను గూర్చి కొంత చెప్పుకొందము.

దుంగలను ప్రక్కప్రక్కన కట్టినచో తెప్ప. దేవాలయములలోని తెప్పోత్సవము మీరెరిగినదే. మానును తొలచిన దోనె. సంస్కృతమున ద్రోణి యనిన తొట్టి యనియు, చిన్న పడవ యనియు నర్థము. వెదురుతో గంపవలె నల్లి, పైని తోలు కప్పినది పుట్టి. నేడు తోలునకు మారుగా తారు పూసిన గుడ్డయో, ప్లాస్టిక్ పట్టాయో కప్పుచున్నారు. తుంగభద్రాతీరమున దీనినే హరిగోలు అందురు. ఇరువది తూముల ధాన్యమును గూడ పుట్టి యనియే యందురు. లెక్కల పుస్తకమున ఆ మాట కనబడినపుడు నీటిలో దిగవలదు.

ఇక ఓడ. నేడు ఓడ యనగానే సముద్రము తలపునకు వచ్చును. పూర్వమట్లు కాదు. ‘ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడి మల్లయ్య’ అను సామెతలోని ఓడ ఏటి పడవయే. ఆ మల్లయ్యకు చెల్లవలసిన కూలికి కేవు అని పేరు. ఒడ్డు చేరగానే కేవు ఎగవేయువారు అన్ని కాలములందును గలరు కాబోలు!

చిన్న పడవను నడుపుటకు తెడ్డు, గెడ అను రెండే సాధనములు. గెడ పొడవైన వెదురు. దానిని ఏటి యడుగున నాని నెట్టినచో పడవ ముందునకు సాగును. అడుగందని లోతున గెడ నిరుపయోగము. అచ్చట తెడ్డే వేయవలెను. పడవ ముందరి భాగమును అనియమనియు, వెనుకటి భాగమును అమరమనియు అందురు. గుండ్రని పుట్టికి ఆ భేదము లేదు. కనుకనే తెడ్డు చేతగానివాడు పుట్టి యెక్కినచో అది యున్నచోటనే గిరగిర తిరుగును. నేర్పరి తాను పోగోరు వైపున నిలిచి, ముందరి నీటిని తనవైపునకు లాగుకొనును.

తెడ్డు, గెడ, రేవు, మడుగు మన యింటి మాటలు. చుక్కాని, లంగరు అట్టివి కావు. సముద్ర వర్తకులతో వచ్చినవి. చుక్కాని అరబ్బీ నుండియు, లంగరు పారసీకము నుండియు వచ్చి చేరినవి. మరాఠీలోను అవే సుకాణూ, నాంగర్ అయినవి. నాంగర్ అనిన మరాఠీలో నాగలియు నగును. పొలములోనిదో నీటిలోనిదో సందర్భమును బట్టి తెలిసికొనవలెను. నావ్ అను మాట యింకను చిత్రమైనది. మరాఠీలో పడవయు నావే, పేరును నావే. ‘తుఝే నావ్ కాయ్’ అని యడిగినపుడు మనవాడు ‘మాకు పడవ లేదు’ అనినచో నవ్వవలదు. తప్పు వానిది కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనవి నదిని చదువు మాటలు. నడచి దాటదగిన చోటు కాలిరేవు, మరాఠీలో ఉతార్. లోతైన చోటు మడుగు, అనగా డోహ్. నీటి నడుమ మిట్ట లంక, అనగా బేట్. ప్రవాహము బండకో, ఎదురు ప్రవాహమునకో తగిలి గిరగిర తిరుగుచోటు సుడి, అనగా భోవరా. నీటితో నానిన ఇసుక పైకి గట్టిగా కనబడి, కాలు మోపగనే క్రుంగినచో అది ఊబి. ‘అటు పోకుము, ఊబి యున్నది’ అని తాత కేక వేసినపుడు ఆ మాట తెలియని మనుమడు మరి రెండడుగులు వేయును. ఊబిలో దిగబడినవాడు గింజుకొనరాదు. వెనుకకు వాలి, బరువును పరచి, కాళ్ళను మెల్లమెల్లగా పైకి తీసికొనవలెను.

ఎగువ, దిగువ అను మాటలు మాత్రము మరుగుపడలేదు. అవి న్యాయస్థానము వరకును పోయినవి. బాబ్లీ ఆనకట్టకు 14 తలుపులు గలవు. 2013 ఫిబ్రవరి 28న సర్వోన్నత న్యాయస్థానమిచ్చిన తీర్పు ప్రకారము ఏటేట జూలై 1 మొదలు అక్టోబరు 28 వరకు అవి తెరచియుండవలెను. కనుక ఎగువన ఒకే నదికి రెండు స్వభావములు ఏర్పడినవి. మూసిన కాలమున నీరు నిలిచి లోతగును, వాలు కనబడదు, గెడకు అడుగందదు. తెరచిన కాలమున వాన నీరు వడిగా సాగి పడవను దిగువకు లాగును. ఈ మార్పునకు మన పెద్దల నోట ప్రత్యేకమైన పేరేదియు లేదు. ‘గేట్లు ఎత్తినారు’ అనియే యందరు ననుచున్నారు. ఇంగ్లీషు మాటయే యైనను, అదియు నిపుడు ఏటి మాటలలో నొకటి.