పికప్ బండికి ఏ టైరు?



మొన్న కౌల్ బజార్‌లో నా పాత విద్యార్థి ఒకడు ఎదురయ్యాడు. పికప్ బండిలో మిరపకాయలు బ్యాడగి మార్కెట్‌కు తోలుతుంటాడు. "సార్, ఆల్ టెరైన్ టైర్లు వేయిస్తే అకాల వాన పడినా చేలోకి దిగొచ్చంట, నిజమేనా?" అని అడిగాడు.

"సగం నిజమప్పా" అన్నాను. ఈ టైర్ల మీద గట్లు లావుగా, వాటి మధ్య సందులు వెడల్పుగా ఉంటాయి. కంకర దారిలో, వంక ఇసుకలో పట్టు బాగా దొరుకుతుంది. కానీ మన నల్లరేగడి తడిస్తే జిగురవుతుంది. అది సందుల్లో నిండిందంటే ఎంత మంచి టైరైనా నున్నటి చక్రమే. పైగా తారురోడ్డు మీద చప్పుడు, డీజిలు ఖర్చు రెండూ పెరుగుతాయి. అందుకే బండి ఎక్కువగా ఏ దారిలో తిరుగుతుందో ముందు లెక్క వేసుకోండి.

తర్వాత టైరు పక్కన రాసింది చదవండి. సైజు పక్కనుండే అంకె బరువుకు గుర్తు. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది; 106 అంటే 950 కిలోలు. బండి కంపెనీ చెప్పిన అంకెకు తగ్గింది కొనకండి. డి.ఓ.టి. వరుస చివర 2324 అని ఉంటే, 2024లో 23వ వారం తయారైందని అర్థం. గట్టు ఎత్తు 1.6 మిల్లీమీటర్లకు అరిగితే మార్చాల్సిందే.

గాలి తక్కువై, బరువు ఎక్కువైతే టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి. బళ్లారి ఎండలో పగిలేది అలాగే.

మా వాడికి చివరగా చెప్పాను: "వాన పడితే బండి రోడ్డు మీదే నిలుపు. బస్తాలు ట్రాక్టరులో తెప్పించుకో. నీకు తారురోడ్డు టైరే మేలు."

సెలవు.