39 కోట్ల తుపాకులు ఎవరింట్లో ఉన్నాయి?

అమెరికాలో ఎక్కడో కాల్పులని టీవీలో స్క్రోలింగ్ రాగానే, పిల్లలు అక్కడ చదువుతున్న ఇళ్లలో ఫోన్లు చేతుల్లోకి వస్తాయి. ‘మా ఊరు కాదు నాన్నా, చాలా దూరం’ అని అటు నుంచి వినబడ్డాక, స్థిమితపడ్డ పెద్దాయన అడిగేది ఒకటే: ఆ తుపాకులన్నీ ఒక్క చట్టంతో ఎత్తేయొచ్చుగా?

సరే, ఎత్తేశారనే అనుకుని లెక్క వేద్దాం.

స్విట్జర్లాండ్‌లోని స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా ప్రకారం 2017 నాటికి అమెరికా పౌరుల దగ్గరున్న తుపాకులు 39.3 కోట్లు. అంటే నూరు మందికి 120. ఆ దేశ సైన్యం దగ్గరున్నవి 45 లక్షలు, పోలీసుల దగ్గర 10 లక్షలు. తీసుకోవాల్సిన వాళ్ల చేతిలో ఒకటుంటే, ఇవ్వాల్సిన వాళ్ల చేతిలో డెబ్బై!

ఇది అంచనాయే తప్ప లెక్క కాదు. ఏ తుపాకీ ఎవరింట్లో ఉందో చెప్పే జాతీయ రిజిస్టరు అక్కడ లేదు. పెట్టకూడదని 1986 నాటి చట్టమే చెబుతోంది. నేరం జరిగిన చోట దొరికిన తుపాకీ కూపీ లాగాలంటే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న ప్రభుత్వ కేంద్రంలో సిబ్బంది మూతబడిన దుకాణాల అమ్మకం పుస్తకాలు తిరగేస్తారు. స్కాన్ చేసిన పేజీలున్నా, పేరు కొట్టి వెతకడానికి వీల్లేదు. మన దగ్గర ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకీని స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకుంటారు. ఎవరి దగ్గరుందో తెలుసు కాబట్టి పోలీసులు అడగగలుగుతారు.

ఇక డబ్బు. తుపాకీకి 500 డాలర్ల చొప్పున పరిహారం అనుకుంటే 19,650 కోట్ల డాలర్లు. డాలరుకు 85 రూపాయలు వేస్తే సుమారు 16.7 లక్షల కోట్ల రూపాయలు. అంత ఇచ్చినా అందరూ తెచ్చిస్తారా? 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది హతమయ్యాక ఆస్ట్రేలియా కొన్ని రకాల తుపాకులను నిషేధించి, దాదాపు 6.5 లక్షలు వెనక్కి కొంది. దేశంలో ఉన్నవాటిలో అది ఐదో వంతని ఒక అంచనా. ఆ పాళ్లలో చూస్తే అమెరికాలో 7.9 కోట్లు వస్తాయి, 31 కోట్లకు పైగా మిగిలిపోతాయి.

బ్రిటన్ కథ ఇంకా తిరకాసు. 1996లో స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో ఒక దుండగుడు 16 మంది పిల్లల్ని, ఒక టీచరమ్మను చంపేశాడు. అతని పిస్తోళ్లకు లైసెన్సు ఉంది. 1997లో చేతితుపాకులను నిషేధించాక లక్షా అరవై వేలకు పైగా జమయ్యాయి. అయినా ఇంగ్లండ్, వేల్స్‌లలో చేతితుపాకీ నేరాలు 1997-98లో దాదాపు 2,600 ఉంటే 2001-02కి 5,900 దగ్గరికి చేరాయి. తర్వాత మళ్లీ దిగాయి. ఇప్పుడక్కడ తుపాకీ హత్యలు ఏడాదికి 30 అటూ ఇటూ. నిషేధాన్ని తిట్టేవాళ్లు గ్రాఫును 2002 దగ్గర కత్తిరిస్తారు, మెచ్చేవాళ్లు ఇవాళ్టి దగ్గర. నాకైతే దొంగ తుపాకులకు లైసెన్సు తుపాకుల చట్టం సరిగా తగల్లేదనే అనిపిస్తుంది.

అసలు పెద్ద అంకె మాత్రం ఈ వాదనల్లోకి రాదు. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు 48,830. హత్యలు 21 వేలు. ఆత్మహత్యలు 26 వేల పైచిలుకు! తుపాకీతో ప్రయత్నించినవాళ్లలో పదికి తొమ్మిదిమంది బతకరు. మాత్రలు మింగినవాళ్లలో చాలామంది బతికి బయటపడతారు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఓ చిన్న మార్పు చేసింది. వారాంతపు సెలవుకు ఇంటికెళ్లే సైనికులు తుపాకీని శిబిరంలోనే వదిలి వెళ్లాలంది. సైనికుల ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. తగ్గింది ముఖ్యంగా సెలవు రోజుల్లోనే. మిగతా రోజుల్లో చేస్తారులే అనుకుంటే, అదీ పెరగలేదు. శ్రీలంకలో ప్రమాదకరమైన పురుగుమందులను నిషేధించాక కూడా ఇలాగే జరిగింది. ఆ గడియకు చేతికందేది ఏమిటన్నదే ప్రాణం నిలబెడుతుందో తీస్తుందో తేలుస్తుంది. కాబట్టి నిషేధం నిజంగా అమలైతే ఎక్కువ ప్రాణాలు దక్కేది బడుల్లో, మాల్స్‌లో కాదు, పడకగదుల్లో.

ఎవరూ ఊహించని నష్టమూ ఒకటుంది. 1937 నుంచి తుపాకులు, తూటాల మీద వేసే 10, 11 శాతం పన్నుతో రాష్ట్రాలు అడవి జంతువులను కాపాడుతున్నాయి. ఈ మధ్య కొన్నేళ్లలో అది వంద కోట్ల డాలర్లు దాటింది. తుపాకులు పోతే ఆ సొమ్మూ పోతుంది.

ఇదంతా తుపాకీ హక్కునిచ్చిన రాజ్యాంగం ఒప్పుకుంటేనే. వాషింగ్టన్ నగరం 1976లో పెట్టిన చేతితుపాకీ నిషేధాన్ని సుప్రీంకోర్టు 2008లో 5-4 తేడాతో కొట్టేసింది. రాజ్యాంగాన్ని సవరించాలంటే 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. 13 కాదంటే చాలు, ఆగిపోతుంది.

ఈలోగా ఇరవైకి పైగా రాష్ట్రాల్లో మరో చట్టం నడుస్తోంది. ఫలానా మనిషి తనకో, ఇతరులకో హాని చేసేలా ఉన్నాడని ఇంటివాళ్లో పోలీసులో చెబితే, కోర్టు కొన్నాళ్లపాటు అతని తుపాకీ తీయించి పెడుతుంది. ఏ తలుపు కొట్టాలో అక్కడ ముందే తెలుసు.