సంగటి సరే... పక్కనేముంది?

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఆయాసం లేకుండా ఎక్కేస్తున్నారా? సంతోషం. అంతమాత్రాన కొలెస్ట్రాల్ సమస్య లేదనుకోకండి. అది పెరిగినా నొప్పి ఉండదు, నీరసం ఉండదు. రక్తపరీక్షతోనే తెలుస్తుంది. గుండెజబ్బు లేనివారికి చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, డెసిలీటరుకు 100 మి.గ్రా. లోపు ఉండటం మంచిది.

ఎక్కువుందని తేలితే ముందు మీ కంచం చూసుకోండి. చిత్తూరు, తిరుపతి ఇళ్లకు రాగి సంగటి కొత్తేమీ కాదు. దాంతో ఉలవల పప్పో, ఆకుకూర పప్పో తింటే మేలు. పప్పుల్లోని కరిగే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపుతుంది. మళ్లీ పైత్యరసం తయారు చేయటానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. అదే సంగటి మీద నెయ్యి గుమ్మరించి, తరచూ పొట్టేలు మాంసంతో తింటే ఆ మేలు దక్కదు.

* నెయ్యి, వెన్న, డాల్డా తగ్గించండి. వేరుశనగ నూనె అయినా కొద్దిగానే వాడండి.
* సాయంత్రం పఫ్‌లు, బిస్కట్లకు బదులు గుప్పెడు ఉడికించిన చెనక్కాయలు, ఒక జామకాయ తినండి.
* వారానికి 5 రోజులు, 30 నిమిషాల చొప్పున వేగంగా నడవండి. ఏడాదికోసారి కొండెక్కితే చాలదు.
* పొగ తాగే అలవాటుంటే మానెయ్యండి.

రెండు, మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకోండి. తగ్గకపోతే కుంగిపోవద్దు. కొందరికిది వంశపారంపర్యంగా వస్తుంది. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. మాత్రలు రాసిస్తే, తిండి మార్చాం కదా అని సొంతంగా ఆపేయకండి.